తెల్ల ముగ్గు, ఎర్ర కాగితం

మొన్న మా మనవరాలు బడి నుంచి ఒక పని పట్టుకొచ్చింది. చైనావాళ్ళ కొత్త సంవత్సరం వస్తోంది కదా, కాగితం మడిచి కత్తిరించి కిటికీకి అంటించే బొమ్మ ఒకటి చేసుకురమ్మని టీచరు చెప్పిందట. ఉన్న ఎర్ర కాగితం కాస్తా తప్పుడు కోతలకే అయిపోయింది. పిల్ల చక్కా వెళ్ళి వాళ్ళ నాన్న ప్రింటర్‌లోంచి తెల్ల కాగితం లాక్కొచ్చి మడతలు పెట్టడం మొదలుపెట్టింది.

"తెల్లది వద్దు," అన్నాను.

కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. మా అమ్మాయి వంటింట్లోంచి తొంగిచూసింది.

"అమ్మమ్మా, ఇట్స్ జస్ట్ పేపర్," అంది పిల్ల. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం మాంచెస్టర్ యాసలో వస్తుంది.

"కాగితమే. అయినా వద్దు. కిటికీకీ గుమ్మానికీ తెల్లది అంటించరు వాళ్ళు."

"హౌ డు యూ నో?"

ఎలా తెలుసని అడిగింది. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నన్ను ఈ ప్రశ్న అడిగిన మనిషే లేదు. మా అమ్మాయికి కూడా నేనెప్పుడూ చెప్పలేదని అప్పుడే తట్టింది. కూర్చో, చెప్తానన్నాను. పిల్ల కూర్చుంది గానీ చేతిలో కత్తెర వదల్లేదు.

మేం అప్పుడు గ్లాస్గోలో ఉండేవాళ్ళం. నాన్న ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు. ఆయన ఇంట్లో ఎప్పుడుంటారో ఎప్పుడుండరో ఆసుపత్రి డ్యూటీ రోటాకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. మాది మసిపట్టిన పాత రాతి మేడ. కింద వండినవి పొట్లం కట్టిచ్చే చైనీస్ టేకవే కొట్టు, దాని మీద మా ఫ్లాట్, మా మీద ఒక స్కాటిష్ ముసలావిడ. వీధి తలుపు తీస్తే రాతి పలకల నడవా, నడవా చివర మెట్లు. ఆ దారిని అక్కడ క్లోజ్ అంటారు. టేకవే వాళ్ళ వెనక తలుపు కూడా ఆ నడవాలోకే తెరుచుకునేది. అంటే మాకూ వాళ్ళకీ గుమ్మం ఒక్కటే. తర్వాత జరిగిందంతా ఈ ఒక్క గుమ్మం దగ్గరే.

ఆ నడవా వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తడి రాయి, వెల్లుల్లి వేగుతున్న నూనె, వెనిగరు, బొగ్గు పొగ. మా అమ్మది తెనాలి వైపు పల్లె, ఉల్లిపాయ కూడా వారంలో కొన్ని రోజులు మానేసే మనిషి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్లెక్కేది. "ఏం వేయిస్తున్నారో ఏమో, ఏ జంతువో ఏమో," అని గొణిగేది. నాన్న మాత్రం డ్యూటీ నుంచి వస్తూ వస్తూ రొయ్యల అప్పడాలు ఒక పొట్లం కొనుక్కుని, మెట్ల మీదే సగం తినేసి, మిగతా సగం నా చేతిలో పెట్టి, మూతి తుడుచుకుని లోపలికి వచ్చేవారు. అమ్మకి తెలియదని ఆయన నమ్మకం. మా అమ్మ ముక్కు సంగతి ఆయనకి తెలియదు.

నన్ను ఆ టేకవే గడప తొక్కవద్దని అమ్మ గట్టిగా చెప్పింది. అందుకని నేను బడి నుంచి రాగానే వెనక తలుపులోంచి వెళ్ళేదాన్ని.

అక్కడ ఉల్లిపాయల బస్తాల పక్కన, ముక్కాలిపీట మీద, కొట్టతని తల్లి కూర్చునేది. నల్ల చొక్కా, బిగించి దువ్విన నెరిసిన జుట్టు, చెవులకి చిన్న పచ్చరాళ్ళు. నేను మామ్మ అని పిలిచేదాన్ని. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఆవిడ భాష రాదు. పొద్దున బీన్స్ ఈనెలు తీయడం, సాయంత్రం తీరికయితే ఎర్ర కాగితాలు కత్తిరించడం, ఇదీ ఆవిడ పని. ఆ రెండో పని చూస్తూ నేను నోరు వెళ్ళబెట్టుకుని కూర్చునేదాన్ని.

ముందు గీత గీసుకునేది కాదు. కాగితం మడిచి, ఎడం చేతిలో పట్టుకుని, కుడి చేత్తో కత్తెర ఆనించేది. కత్తెర ఉన్నచోటే ఉండేది, కాగితమే తిరిగేది. ముందు లోపలి చిన్న చిన్న కంతలు, నెలవంకల్లాంటి కోతలు, ఈకలకి రంపం పళ్ళు, అన్నిటికన్నా ఆఖరున బయటి అంచు. ఎందుకలా అని నా బుర్ర తొలిచేసేది. నేను ఒకసారి ముందు అంచు కోసి చూశాను. కాగితం చేతిలో వాలిపోయి, పట్టుకోవడానికి చోటు లేక, లోపలి కోత అడ్డదిడ్డంగా పోయింది. మామ్మ పళ్ళు కనపడకుండా నవ్వింది.

మడత విప్పకముందే అది ఏ బొమ్మో నేను చెప్పాలి, అదీ మా ఆట. చేపలా చేతులు ఆడించేదాన్ని, కోడిలా రెక్కలు కొట్టేదాన్ని. కరెక్టయితే పాకంలో ఊరబెట్టి ఎండబెట్టిన అల్లం ముక్క పెట్టేది. కాకపోయినా పెట్టేది, కాస్త ఆలస్యంగా. సగం కాగితంలో మొత్తం పువ్వు ఎక్కడ దాక్కుంటుందో, అది ఆవిడకి ముందే ఎలా కనపడుతుందో నాకు అంతుపట్టేది కాదు. ఇప్పటికీ పట్టదు.

ఆ శీతాకాలం అమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందు ఏడాది ఒక బిడ్డ నిలవలేదు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, కానీ పిల్లలకి ఇంట్లో ఏ మాట దగ్గర గొంతులు తగ్గుతాయో తెలిసిపోతుంది. ఈసారి అమ్మ ఏ దేవుణ్ణీ వదల్లేదు, ఏ ఆచారాన్నీ వదల్లేదు. ధనుర్మాసం రాగానే, ఇన్నాళ్ళూ మా ఫ్లాట్ తలుపు ముందు వేసే ముగ్గుని కిందికి దించింది. ఇంటి గుమ్మం అంటే వీధి గుమ్మమేనని ఆవిడ వాదన.

మొదటి రోజు పద్ధతి ప్రకారం గుమ్మం ముందు కళ్ళాపి చల్లింది. గ్లాస్గో చలికి ఆ నీళ్ళు గడ్డకట్టాయి. పాలతను సీసాలతో సహా జర్రున జారి నడవా మధ్యలో కూర్చున్నాడు. నాన్న అతని మోచెయ్యికి కట్టు కట్టి, టీ ఇచ్చి పంపించారు.

"కళ్ళాపి మానెయ్యవే. ఇంకెవరి నడుమైనా విరిగితే పోలీసులొస్తారు," అన్నారు.

"మానేస్తాను గానీ ముగ్గు మానను. ముగ్గు లేని గుమ్మం ఎప్పుడుంటుందో మీకు తెలీదా?" అంది అమ్మ.

మా వైపు ఇంట్లో ఎవరైనా పోతేనే గుమ్మం ముందు ముగ్గు పడదు.

అప్పటి నుంచీ అమ్మ ఇంకా చీకటి ఉండగానే చెంబంత పొట్టతో మెట్లు దిగి, కోటుతోనే నడవాలో వంగి, బియ్యప్పిండితో చుక్కలు పెట్టి ముగ్గు వేసి వచ్చేది. అష్టదళ పద్మం, దాని చుట్టూ మెలికలు. ఆ వేళకి క్లోజ్‌లో పురుగు కూడా లేచేది కాదు. చీమలు తినాలని బియ్యప్పిండి వేస్తారని అమ్మ అంటే, ఈ చలిలో చీమలెక్కడివే అని నాన్న అనేవారు. పైవాటా స్కాటిష్ ముసలావిడ ఒక్కతే ఒకరోజు పెందలాడే దిగి దాన్ని చూసి ఆగిపోయిందట. తన చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా మెట్ల అంచులకి తెల్ల సుద్దతో ఇలాగే మెలికలు గీసేదని చెప్పిందట. అమ్మ రోజంతా ఉబ్బిపోయింది. "చూశారా అండీ, ఈ దేశంలోనూ ముగ్గుంది," అని నాన్నకి నాలుగుసార్లు చెప్పింది.

ఆ మురిపెం ఎంతోకాలం లేదు. ఒకరోజు నన్ను బడికి దింపడానికి కిందికి వచ్చేసరికి నడవా శుభ్రంగా, తడిగా ఉంది. ముగ్గు లేదు. మెట్లు కడిగే వంతు ఎవరిదో అయి ఉంటుందనుకుంది అమ్మ. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు. కడిగిన వాళ్ళు మెట్లు కడగలేదు, ముగ్గు ఉన్నంత మేరే కడిగారు. అమ్మ ఆ తడి రాయి వంక చూస్తూ నిలబడిపోయింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

ఆ వారంలోనే మా తలుపు పక్కన, గోడకి, అరచేతంత ఎర్ర కాగితం ఒకటి ప్రత్యక్షమయింది. గుండ్రంగా, కంతలు కంతలుగా, మైదా జిగురుతో అంటించి ఉంది.

"ముట్టుకోకే," అంది అమ్మ. లోపలికి వెళ్ళి పట్టకారు తెచ్చి, దాంతో పీకి, నా ముందే చెత్త బకెట్‌లో పడేసింది. "ముగ్గు చెరిపేస్తున్నారు, ఎర్ర కాగితం అంటిస్తున్నారు. ఏదో చేస్తున్నారు మనకి."

నాకు భయం వేసింది. చేతబడి అని కాదు. ఆ రంపం పళ్ళ కోత ఎవరిదో నాకు చూడగానే తెలిసిపోయింది. చెప్తే రోజూ వెనక తలుపులోంచి వెళ్తున్న సంగతి బయటపడుతుంది. అమ్మ అటు తిరగ్గానే బకెట్‌లోంచి కాగితం తీసి జేబులో పెట్టుకున్నాను. అది అంత అందంగా ఉంది. మధ్యలో దానిమ్మ పండు, పగిలిన చోట గింజలు, ఒక్కో గింజా విడివిడిగా.

అమ్మ పీకేది, నేను ఏరి దాచుకునేదాన్ని, మర్నాటికి ఇంకోటి ఉండేది. ముగ్గు వేసేది, తెల్లవారేసరికి పోయేది. అమ్మకి అన్నం సయించడం మానేసింది. ఆసుపత్రిలో చూసి బీపీ పెరిగిందన్నారు, కదలకుండా పడుకోమన్నారు, పెరుగుతూ పోతే బిడ్డకి కష్టమన్నారు. "ఈ ఇల్లు మనకి అచ్చిరాలేదండీ. ఇక్కడే ఒకటి పోగొట్టుకున్నాను. ఇది కూడా పోతే నేను బతకను," అని అమ్మ నాన్నతో అంటుంటే తలుపు అవతలి నుంచి విన్నాను. వేరే ఫ్లాట్ చూస్తానన్నారు నాన్న.

ఇల్లు మారతాం, మామ్మ ఉండదు. అంతకన్నా పెద్ద భయం అమ్మ ఏమైపోతుందోనని. ఆ రెండిటి మధ్యా ఒక ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నాకు అల్లం ముక్కలు పెట్టే మామ్మ మా అమ్మకి చెడు ఎందుకు చేస్తుంది?

ఆ సాయంత్రం దాచిన కాగితాలన్నీ పట్టుకెళ్ళి మామ్మ ఒళ్ళో పెట్టాను. ఆవిడ ఒక్కొక్కటే తీసి చూసింది. చిరిగిన అంచులు వేలితో తడిమింది. ముఖం పాలిపోయింది. గబగబా ఏదో అంటూ కోడల్ని పిలిచింది. కోడలు కౌంటర్ దగ్గర ఆర్డర్లు తీసుకునే ఆవిడ, నేను ఆంటీ అనేదాన్ని, ఆవిడకి ఇంగ్లీషు వచ్చు.

"ఇవి తలుపు పక్క నుంచి ఎవరు తీసేశారని అడుగుతోంది," అంది ఆంటీ.

"మా అమ్మ," అన్నాను.

మామ్మ లేచింది. ఎప్పుడూ పీట మీద తప్ప చూడని మనిషి మా మెట్లు ఎంత వేగంగా ఎక్కిందో. నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది, వెనకాల ఏప్రన్‌తోనే ఆంటీ.

తలుపు అమ్మే తీసింది. మామ్మనీ, ఆవిడ చేతిలో కాగితాల్నీ, ఆవిడ పక్కన నన్నూ చూసి నిలువునా బిగుసుకుపోయింది.

"ఇలా రావే," అంది నాతో. తర్వాత తనకి వచ్చిన బడి ఇంగ్లీషులో ఆంటీని అడిగింది. "మేం మీకేం అపకారం చేశాం? కడుపుతో ఉన్నదాన్ని."

ఆంటీ తెల్లబోయింది. "అందుకేగా అంటిస్తోంది. మీకు ఎవరో చెడు చేస్తున్నారని మా అత్తగారు పదిరోజులుగా నిద్రపోవడం లేదు. ఎవరో తెల్లవారకముందే వచ్చి మన గుమ్మంలో తెల్లగా గీసి పోతున్నారు. మాకు తెలుపు చావుకి. కొత్త సంవత్సరం ముందు, కడుపుతో ఉన్న మనిషి రోజూ దాటే చోట తెలుపు. మీరు లేచి చూడకముందే ఆవిడ కడిగేస్తోంది. దానికి విరుగుడు ఈ కాగితాలు. దానిమ్మ, బిడ్డ క్షేమానికి."

ఈలోగా మామ్మ చూపు అమ్మ భుజం మీదుగా లోపలికి పోయింది. దేవుడి అలమర ముందు, చిన్న చెక్క మీద, అదే తెల్ల పద్మం. మామ్మ వేలు పెట్టి దాన్ని చూపించింది, తర్వాత అమ్మని చూపించింది.

అమ్మ తలూపింది. "నేనే. రోజూ నేనే వేస్తున్నాను. మాకు తెలుపు శుభం. ఎవరైనా పోతేనే ముగ్గు వెయ్యం. మీరు తుడిచేస్తుంటే..." అని, అక్కడితో ఆగి, ఏడ్చేసింది. నెలల తరబడి బిగబట్టుకున్న ఏడుపు.

ఆంటీ ఆ మాటలన్నీ చెప్పేదాకా మామ్మ నిలబడే ఉంది. విన్నాక ముక్కు మీద వేలేసుకుని, గుమ్మంలోనే చతికిలబడింది. తర్వాత నవ్వింది, ఈసారి పళ్ళన్నీ కనపడేలా. లేచి అమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

"అడగండి ఆవిణ్ణి. ఎర్రగా వేస్తే పర్లేదా?" అంది అమ్మ, ముక్కు ఎగబీలుస్తూ.

మర్నాడు అమ్మని కిందికి దిగనివ్వకుండా నాన్న కాపలా కాశారు. మామ్మే పైకి వచ్చింది. అమ్మ కుర్చీలో కూర్చుని, కుంకుమ కలిపిన పిండితో పళ్ళెంలో చుక్కలు పెట్టి చూపించింది. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నుంచి గీత జారుతుంటే, నేను ఆవిడ కత్తెరని ఎలా చూసేదాన్నో అలా చూసింది మామ్మ. ఎక్కడ మొదలయిందో ఎక్కడ కలిసిందో కనుక్కోవడానికి తల అటూ ఇటూ తిప్పింది. ముగ్గు పూర్తవగానే జేబులోంచి ఎర్ర కాగితం తీసి, మడిచి, మళ్ళీ మడిచి, మళ్ళీ మడిచి, కత్తెర ఆనించింది. విప్పితే అమ్మ పద్మం, రేకులన్నిటితో సహా. మెలికలు తెగిపోకుండా ఎక్కడికక్కడ చిన్న వంతెనలు ఉంచింది.

అప్పటి నుంచీ కింద గుమ్మం ముందు ఎర్ర ముగ్గు నేను వేశాను, చుక్కలు అటూ ఇటూ పోతూ. తలుపు పక్కన మామ్మ కాగితం ఉండేది. దాన్ని ఎవరూ పీకలేదు, దీన్ని ఎవరూ కడగలేదు. అమ్మకి అన్నం సయించింది. బీపీ దిగింది. ఎండ కాస్త ముఖం చూపించే రోజుల్లో తమ్ముడు పుట్టాడు, ఆసుపత్రి మేడంతా వినపడేలా ఏడుస్తూ.

బాలింతని చూడ్డానికి మామ్మ ఆంటీని వెంటబెట్టుకుని వచ్చి, పులి ముఖం కుట్టిన టోపీ తెచ్చింది. ఆ వేళకి అమ్మ వాడికి కాటుక పడుతోంది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని వేలితో తీసి చూస్తోంది. ఆ మసి చూడగానే మామ్మకి ఏదో వెలిగింది. కిందికి పోయి ఒక తెల్ల కాగితం, తను కత్తిరించిన ఎర్ర పద్మం తెచ్చింది. ఎర్ర పద్మాన్ని తడిపి తెల్ల కాగితం మీద అతికించి, దాన్ని అమ్మ దీపం పొగ మీద మెల్లమెల్లగా తిప్పింది. కాగితమంతా నల్లగా మసిబారింది. ఎర్ర కాగితం ఊడదీస్తే దాని కింద మాత్రం తెల్లగా ఉండిపోయింది. నల్లటి నేల మీద తెల్ల ముగ్గు.

"తెలుపు వద్దంది కదా ఆవిడ?" అని నేను ఆంటీని అడిగాను.

ఆంటీ మామ్మని అడిగి చెప్పింది. "ఇది గుమ్మానికి కాదట. దాచుకోవడానికట. వాళ్ళ ఊళ్ళో నచ్చిన నమూనాని ఇలా మసిపట్టి దాచుకుంటారు. కత్తిరించింది ఎప్పుడో చిరిగిపోతుంది, ఇది ఉంటే మళ్ళీ కత్తిరించుకోవచ్చు."

ఆ తర్వాత నాన్నకి వేరే ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మామ్మ నాకు అల్లం ముక్కల డబ్బా ఇచ్చి పంపింది. పెద్దదాన్నయ్యాక ఒకసారి వెళ్ళి చూశాను. మేడ ఉన్న చోట కార్ పార్క్ ఉంది. ఆ వాసన ఎక్కడైనా మిగిలిందా అని తిక్కగా కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇంతవరకూ చెప్పి, లేచి వెళ్ళి, బీరువాలోంచి పాత పటం తెచ్చి మనవరాలి ముందు పెట్టాను. మసి అక్కడక్కడ రాలింది. పద్మం చెక్కుచెదరలేదు. మా అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇన్నాళ్ళూ దీన్ని ఏదో పాత ప్రింటు అనుకున్నానమ్మా అంది.

"సో కెన్ వీ కట్ ఇట్ అగైన్?" అంది పిల్ల.

"కత్తిరించొచ్చు. ఎర్ర కాగితం తెచ్చుకో. లోపలి కంతలు ముందు, అంచు ఆఖరున."

అది కోటు తొడుక్కుని వాళ్ళమ్మని లాక్కుని షాపుకి పరిగెత్తింది. నేను పటం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. జీవితమంతా రోజూ ముగ్గు వేసింది. వేసినవన్నీ ఏ రోజుకారోజు కాళ్ళ కింద, వానలో, చీపురు కింద పోయాయి. నేను ఒక్కటీ దాచలేదు, దాచాలని తోచనూ లేదు. మిగిలింది ఇదొక్కటే. దీన్ని దాచిపెట్టింది మా అమ్మ ముగ్గుల్ని రోజూ కడిగేసిన మనిషి.